గార్డుకు ఆడరూపం ‘గార్దనీ’: పాతబస్తీ పిలుపుల్లో ఆడామగా, మీకు తెలుసా?

ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో కొన్నేళ్ళుగా ఒక పంచాయితీ నడుస్తోంది. ఛైర్మన్ అనాలా, ఛైర్‌పర్సన్ అనాలా? మంటలార్పేది అమ్మాయైతే ఫైర్‌మ్యాన్ అని ఎట్లా పిలుస్తాం? మనుషులను పిలిచే మాటల్లోంచి ఆడామగా తేడా తీసేయడానికి అక్కడ కమిటీలు కూర్చున్నాయి, నిఘంటువులు మారాయి. అవే మాటలు హైదరాబాదుకు, అందులోనూ మూసీకి దక్షిణాన పాతబస్తీకి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. తేడా లేని మాటకు ఇక్కడివాళ్ళు ఆడవేషమో మగవేషమో వేశారు. తేడా ఉన్న మాటలో ఆ తేడాను తుడిచేశారు. తెలుగు, దక్కనీ, ఫారసీ, అరబ్బీ, మరాఠీ అన్నీ తిరిగిన గల్లీల్లో ఏ భాషకూ తన వ్యాకరణం తాను కాపాడుకోవడం సాధ్యపడలేదు. కొన్ని ముచ్చట్లు చూడండి.

జనానాకు కాపలా కాసింది గార్దనీలు

ఇంగ్లీషులో గార్డ్ అంటే కాపలా మనిషి. ఆడైనా గార్డే, మగైనా గార్డే. పద్దెనిమిదో శతాబ్దం చివర, నిజాం అలీ ఖాన్ కాలంలో, హైదరాబాదులో ఆడవాళ్ళతోనే ఒక దండు ఉండేది. దాని పేరు జఫర్ పల్టన్, అంటే విజయ సేన. జనానాను, అంటే అంతఃపురాన్ని కాయడం, బేగంల పల్లకీలు కదిలితే వెంట నడవడం వాళ్ళ పని. సిపాయిల్లాగే తుపాకులు పట్టేవారు, కవాతు చేసేవారు. వీళ్ళను ఊరు పిలిచిన పేరు ‘గార్దనీ’. గార్డ్ అన్న మాటనే హైదరాబాదీలు అట్లా తిప్పుకున్నారని అప్పటి ఇంగ్లీషువాళ్ళు రాసిపెట్టారు. మాస్టరుకు మాస్టర్నీ, డాక్టరుకు డాక్టర్నీ అన్నట్టే, గార్డుకు గార్దనీ.

1795లో మరాఠాలతో ఖర్దా దగ్గర యుద్ధం జరిగింది. నిజాం ఓడిపోయాడు. ఆ యుద్ధానికి నడిచిన సైన్యంలో వెయ్యేసి మంది ఉన్న ఆడ పటాలాలు రెండు ఉన్నాయి. మిగతా సైన్యం కంటే వీళ్ళేమీ తీసిపోలేదని కూడా రాసుకున్నారు. ఆ రెండు పటాలాల నాయకుల పేర్లు మామా బారూన్, మామా చంబేలీ. మామా అనగానే తెలుగు చెవికి మీసాలు, పంచె కనబడతాయి. ఉర్దూలో మామా అంటే ఇంట్లో పని చూసుకునే ఆవిడ. మేనమామ కావాలంటే మామూ అనాలి. ఒక అచ్చు మారితే మనిషే మారిపోతాడు. ఈ సంగతి తెలియక పాత కాగితాలు చదివితే ఇద్దరు మగ సేనానులు ఆడవాళ్ళను నడిపించారనుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు చార్మినార్ దగ్గర బందోబస్తులో నిలబడే ఆవిడను మనం ‘మహిళా హోంగార్డు’ అంటున్నాం. ఒక్క ముక్కలో తేలిపోయేదాన్ని ఎందుకు వదులుకున్నామో!

పాషా మగ, సుల్తాన్ ఆడ... లేక తారుమారా?

పాషా అనేది తుర్కీ బిరుదు. ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యంలో సేనానులకు, గవర్నర్లకు ఇచ్చేవారు. అక్కడది పూర్తిగా మగ మాట. హైదరాబాదు దేవిడీల్లోకి వచ్చాక అది ఆడవాళ్ళ పేర్ల వెనక చేరింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పట్టపు భార్య ఆజం ఉన్నీసా బేగంను అందరూ పిలిచింది దుల్హన్ పాషా అని. ఆయన పెద్ద కూతురు షహజాదీ పాషా. పాతబస్తీ పెద్ద కుటుంబాల్లో ఇంటి పెద్దావిడను పాషా అని పిలిచే అలవాటు తరాల పాటు నడిచింది. పాషా భాయ్ అనే మగాళ్ళూ పక్క గల్లీలోనే ఉంటారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇందులో అసలు చమత్కారం 1931లో జరిగింది. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు దుర్రు షెహవార్‌ను ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజం జా ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్ళాడాడు. ఉస్మానియా వంశంలో రాజకుమార్తెల పేరు చివర సుల్తాన్ అని ఉంటుంది. అట్లా ఆమె పుట్టింట్లో దుర్రు షెహవార్ సుల్తాన్. మన దగ్గర సుల్తాన్ అంటే రాజు, మగవాడు, ఆడవాళ్ళైతే సుల్తానా. అంటే ఆడవాళ్ళు సుల్తాన్‌లూ మగవాళ్ళు పాషాలూ అయిన చోటి నుంచి బయల్దేరి, మగవాళ్ళు సుల్తాన్‌లూ ఆడవాళ్ళు పాషాలూ అయిన ఊరికి ఆవిడ కోడలిగా వచ్చింది. పురానీ హవేలీలో ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

క్రియ చెబుతుందా, సర్వనామం చెబుతుందా?

ఒకే సంగతిని మూడు భాషల్లో చెప్పి చూడండి. ఇంగ్లీషులో హీ, షీ అన్న సర్వనామమే ఆడో మగో చెప్పేస్తుంది. వచ్చారన్న క్రియ ఇద్దరికీ ఒక్కటే. దక్కనీలో తలకిందులు. ‘ఉనే’ అంటే వాడు, ఆమె ఎవరైనా కావచ్చు; ‘ఉనే ఆరా’ అంటే మగ, ‘ఉనే ఆరీ’ అంటే ఆడ. తెలుగుకు నమ్మకం తక్కువ, రెండు చోట్లా ముద్ర వేస్తుంది: ఆయన వచ్చిండు, ఆమె వచ్చింది.

తెలుగులో ఇంకో వింత ఉంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. క్రియలో తేడా లేదు. అదే ఇద్దరు ఆడవాళ్ళైతే వాళ్ళు వచ్చారు, మగవాళ్ళతో సమానంగా. ఒంటరి ఆడమనిషిని ఆవుతో కలిపి, ఇద్దరు కాగానే మనుషుల్లో చేర్చిన వ్యాకరణం మనది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అంటూ దీనికి పేర్లున్నాయి. పేర్లు పెట్టినంత మాత్రాన న్యాయం కుదిరిందా అన్నది వేరే ప్రశ్న.

ఫారసీకి ఈ తలనొప్పే లేదు. ఆడకూ మగకూ ‘ఊ’ అన్న ఒకటే సర్వనామం, క్రియలోనూ తేడా ఉండదు. 1884లో ఉర్దూ రాజభాష అయ్యేవరకు హైదరాబాదు సర్కారు కాగితాలన్నీ ఫారసీలోనే నడిచాయి. అంటే ఆడామగా తేడా లేని సర్వనామంతో దస్తావేజులు రాయడం ఈ ఊరి దఫ్తర్లకు కొత్తేమీ కాదు. ఇంగ్లీషువాళ్ళు ఒక్క మనిషికి ‘దే’ అని వాడటం పద్నాలుగో శతాబ్దం నుంచే ఉంది. అయినా మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో దాన్ని ఆ ఏటి మాటగా ఎంచుకున్నప్పుడు, ఏదో కొత్తగా పుట్టినట్టు గొడవ జరిగింది. మన ఆడవాళ్ళు మొగుణ్ణి ‘మావారు’ అంటూ ఒక్క మనిషికి బహువచనం వాడి ఎన్ని తరాలైందో! అక్కడ అది సమానత్వం కోసం, ఇక్కడ మర్యాద కోసం. మాట మాత్రం ఒకే తోవలో పోయింది.

తెలుగువాడు ఉర్దూలో దొరికిపోయేది కూడా ఇక్కడే. నేను వస్తున్నా అనడానికి తెలుగులో ఆడామగా అక్కర్లేదు. ఉర్దూలో కావాలి. ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చినాయన మదీనా సెంటర్లో నిలబడి ‘మై ఆతీ’ అన్నాడంటే, పక్కనున్న దుకాణాలవాళ్ళకు ఆ పూటకు సరిపడా నవ్వు దొరికినట్టే.

గర్ల్ అంటే ఒకప్పుడు అబ్బాయి కూడా

ఇంగ్లీషులో గర్ల్ అన్న మాటకు 1300 ప్రాంతంలో అర్థం పిల్ల, పిల్లాడు ఎవరైనా. తర్వాతి కాలంలో అది కుంచించుకుపోయి అమ్మాయి దగ్గర ఆగింది. సరిగ్గా ఇదే మన ‘బిడ్డ’కు జరిగింది. కోస్తాలో బిడ్డ అంటే సంతానం, ఆడైనా మగైనా. తెలంగాణలో ‘నాకొక కొడుకు, ఇద్దరు బిడ్డలు’ అంటే మొత్తం ముగ్గురని లెక్క. బిడ్డ అంటే కూతురు. కోస్తా నుంచి వచ్చిన జనగణన ఉద్యోగి అయితే ఆ లెక్కను తప్పు రాసుకోవచ్చు. పిలుపులో మాత్రం ‘ఏం బిడ్డా’ అని ఎవరినైనా అంటారు.

ఉర్దూ ఇళ్ళలో దీనికి ఎదురు తోవ. బేటా అంటే కొడుకు, బేటీ అంటే కూతురు. అయినా కూతుర్ని ముద్దుగా బేటా అంటారు. కొడుకును బేటీ అన్న తల్లిని నేనెక్కడా వినలేదు. తెలుగు నాన్నలు కూతుళ్ళను ‘నాన్నా’ అంటారు, అబ్బాయిని ‘అమ్మా’ అనడం అరుదు. ముద్దు ఎటువైపు నుంచి ఎటువైపు పోతుందో చూస్తే, ఇంట్లో ఎవరికి ఎక్కువ విలువ ఉందో తెలుస్తుంది. ఈమధ్య కాలేజీ అమ్మాయిలు ఒకరినొకరు ‘రా’ అని పిలుచుకోవడం చూసి పెద్దవాళ్ళు నొచ్చుకుంటున్నారు. ‘ఏమే’ అనిపించుకోవడం కంటే ‘ఏంరా’ మేలని వాళ్ళు తేల్చుకున్నారు. నాకైతే ఆ లెక్క సబబుగానే ఉంది.

‘బాయ్’ వెనక మన బోయీ

దొరలు క్లబ్బుల్లో, బంగళాల్లో కూర్చుని ‘బాయ్’ అని కేకేస్తే యాభై ఏళ్ళ నౌకరు పరిగెత్తేవాడు. అది ఇంగ్లీషు అహంకారమే. కానీ దాంట్లో మన మాట కూడా కలిసిందని 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. దక్షిణాదిలో పల్లకీ మోసేవాళ్ళు బోయీలు. పల్లకీ ఎక్కిన ఇంగ్లీషువాడికి బోయీ, బాయ్ ఒక్కలాగే వినబడ్డాయి. ఒకటి మోత వృత్తి, ఒకటి కుర్రవాడు. రెండూ కలిసి ఒక నౌకరయ్యాయి. సికింద్రాబాదులోని భోయిగూడ పేరులో ఉన్నదీ ఆ పల్లకీ భోయీలే.

ఆ వాసన ఇంకా పోలేదు. అరవై ఏళ్ళాయన బిర్యానీ పొట్లం తెచ్చిచ్చినా డెలివరీ బాయే. కంపెనీలు కాగితం మీద డెలివరీ పార్ట్‌నర్ అంటున్నాయి. ఆడా మగా పోయింది బాగానే ఉంది, వాటాదారు అయ్యాడా అంటే అది ఆయన్నే అడగాలి.

‘ఫ్యామిలీ’ అంటే ఆడవాళ్ళు

ఇంగ్లీషులో ఫ్యామిలీ కంటే లింగభేదం లేని మాట దొరకడం కష్టం. తండ్రి, తల్లి, పిల్లలు, తాత అందరూ అందులో ఉంటారు. హైదరాబాదు ఇరానీ హోటల్లో మాత్రం ‘ఫ్యామిలీ రూం’ అంటే ఆడవాళ్ళు కూర్చునే చోటు. నలుగురు అన్నదమ్ములు కలిసి వెళ్ళి మేమంతా ఒకే కుటుంబం అంటే ఆ తలుపు తెరుచుకోదు. ఒక్క ఆవిడ ఒంటరిగా వెళ్తే ఫ్యామిలీ. జనానా, మర్దానా అని చౌమహల్లా ప్యాలెస్ రోజుల నుంచి ఉన్న విభజనే ఇంగ్లీషు బోర్డు తగిలించుకుంది. జనానా అని రాస్తే పాతకాలం అనుకుంటారని ఫ్యామిలీ అని రాశారు, అంతే.

అదే మాట ఇంకొంచెం ముందుకెళ్ళి భార్య అయింది. ‘మా ఫ్యామిలీ ఊరెళ్ళింది’ అంటే పెళ్ళాం పుట్టింటికి పోయిందని. ఉర్దూలో ‘ఘర్ కే లోగ్’ అని ఇంట్లోవాళ్ళందరినీ చెబుతున్నట్టు అనేది కూడా భార్యనే. పేరెత్తకుండా చెప్పాలి, ఆడమనిషి అని కూడా తెలియకూడదు. దాపరికం కోసం కూడా మనుషులు లింగభేదం లేని మాటలు వెతుక్కుంటారని దీన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషు సంస్కర్తలు ఈ ఉపయోగం ఊహించి ఉండరు.

ఒక లేడీస్

బస్సులో ‘ఒక లేడీస్ నిలబడ్డది, లేవండి’ అని కండక్టర్ అంటాడు. లేడీ ఏకవచనం, లేడీస్ బహువచనం అన్నది బడి పాఠం. బస్సులో లేడీస్ అనేది సీటు పేరు, కాబట్టి మనిషి పేరు. జెంట్స్ కూడా అంతే. పత్తర్‌గట్టీలో లేడీస్ టైలర్ అని బోర్డు పెట్టుకున్నది చాలా చోట్ల మగాయనే.

టీచరమ్మ, హెచ్.ఎం. గారు

టీచర్, డాక్టర్, కండక్టర్, కలెక్టర్: ఇంగ్లీషులో వీటికి ఆడామగా లేదు. మనకు వెలితిగా అనిపించింది. ‘అమ్మ’ చేర్చి టీచరమ్మ, డాక్టరమ్మ, కలెక్టరమ్మ చేసుకున్నాం. ఇందులో ఒక చిక్కుంది. పంతులమ్మ అంటే చదువు చెప్పే ఆవిడ కావచ్చు, పంతులుగారి భార్యా కావచ్చు. ఇంగ్లీషువాళ్ళ మేయరెస్ కూడా ఇట్లాంటిదే. ఎక్కువగా అది మేయరు భార్యకు వాడే మాట. 1962లో రాణీ కుముదినీదేవి హైదరాబాదు మేయర్ అయినప్పుడు ఆమె మేయరే, మేయరెస్ కాదు.

ఇంతకంటే ముందే ఈ ఊరు దీన్ని తేల్చుకుంది. పార్శీ వనిత రూపాబాయి ఫర్దూన్జీ 1889లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదువు ముగించింది. రోగులకు క్లోరోఫారం ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా ఆమెను చెబుతారు. ఆమెకు దక్కిన పట్టా పేరు హకీం. మగవాళ్ళకు ఇచ్చిన మాటే, చివర ఏ ముక్కా అతికించలేదు. 1952లో షాలిబండ నుంచి శాసనసభకు గెలిచిన మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. మంత్రిణి అని ఎవరూ అనలేదు.

మన దగ్గర ఇంకో మంచి ఉపాయం ఉంది: పొట్టి అక్షరాలు. హెడ్‌మాస్టరా, హెడ్‌మిస్ట్రెస్సా అని తన్నుకోకుండా హెచ్.ఎం. అన్నాం. వెనక ‘గారు’ పెట్టాం. హెచ్.ఎం. గారు, ఎమ్మెల్యే గారు, డీఎస్పీ గారు. గారు అన్న రెండక్షరాల్లో ఆడ లేదు, మగ లేదు, పెళ్ళయిందా లేదా అన్న ఆరా లేదు. ఇంగ్లీషువాళ్ళు మిస్టర్, మిసెస్, మిస్ అని లెక్కపెట్టి, పెళ్ళి సంగతి దాచడానికి మిజ్ తెచ్చుకొని, చివరికి ఆడామగా రెండూ దాచడానికి మిక్స్ అనే మాటను 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కించుకున్నారు. అప్పటికి మనం గారు అంటూ హాయిగా ఉన్నాం.

ఆసుపత్రికి వెళ్తే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది. నర్సు ఆడైతే సిస్టర్, మగైతే బ్రదర్. సర్కారు కాగితం మీద నర్సింగ్ ఆఫీసర్ అని మార్చుకుంది, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి వార్డులో ఆ మాట అరిస్తే ఎవరూ తిరిగి చూడరు. పెట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి ఇంకో ముచ్చట: మిడ్‌వైఫ్‌లో వైఫ్ భార్య కాదు. పాత ఇంగ్లీషులో వైఫ్ అంటే ఆడమనిషి, మిడ్ అంటే తోడు. కాన్పుకు వచ్చిన ఆడమనిషికి తోడుండేవారెవరైనా, మగాడైనా, మిడ్‌వైఫే.

కజిన్ అనే గోడ

మేనమామ కొడుకు, పిన్ని కూతురు, బాబాయి కొడుకు ఇంగ్లీషువాడికి అందరూ కజిన్. తెలుగులో వీళ్ళలో కొందరు అన్నలు, చెల్లెళ్ళు. కొందరు బావలు, మరదళ్ళు. పెళ్ళి చేసుకోవచ్చా కూడదా అన్నది ఆ మాటలోనే ఉంటుంది. ఉర్దూలో చచాజాద్, ఖాలాజాద్ అంటే ఎవరి సంతానమో తెలుస్తుంది, ఆడో మగో తెలియదు; దానికి భాయ్, బహన్ చేర్చాలి. కజిన్ వచ్చి వీటన్నిటికీ అడ్డంగా గోడ కట్టింది. పనికొచ్చే గోడే. ఎవరా అబ్బాయి అని అడిగితే కజిన్ అని చెప్పి తప్పించుకున్నవాళ్ళు నగరంలో కోకొల్లలు. మనవాళ్ళు ఆగుతారా, కజిన్ బ్రదర్, కజిన్ సిస్టర్ అని దానికీ ఆడామగా తగిలించారు. తోబుట్టువు అనే చక్కటి మాట ఇంట్లోనే ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు.

సాహెబా సాబ్ అయింది, మాస్యే మూసా అయ్యాడు

మాసబ్ ట్యాంక్ పేరు పలికే వాళ్ళలో ఎంతమందికి అందులో ఒకావిడ ఉందని తెలుసు? కుతుబ్‌షాహీ రాజకుటుంబపు పెద్దావిడను మా సాహెబా అనేవారు. ఆమె పేరు మీద వెలిసిన చెరువు మా సాహెబా తలాబ్. నాలుకలు అరగదీసి మాసబ్ చేశాయి. సాహెబా పోయి, వినడానికి సాబ్ మిగిలింది.

మూసారాంబాగ్ పేరులో ఉన్నది ఫ్రెంచి సేనాని రేమండ్. ఫ్రెంచిలో మగవాళ్ళ పేరు ముందు పెట్టే మాస్యే అన్న గౌరవవాచకాన్నే జనం మూసా చేశారు. 1798లో చనిపోయిన ఆ నిజాం సేనాని, ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాం. అయ్యా అన్న పిలుపే అసలు పేరై కూర్చుంది.

వెధవ మగాడెట్లా అయ్యాడు?

ఇంగ్లీషులో మగ మాటకు తోక తగిలిస్తే ఆడ మాట అవుతుంది: యాక్టర్, యాక్ట్రెస్. ఎదురు నడిచేది అరుదు. విడో నుంచి విడోవర్ అట్లాంటిదే. మొగుడు పోయినామె మాట ముందు, పెళ్ళాం పోయినాయన మాట తర్వాత. మన విధవ ఇంకా దూరం వెళ్ళింది. విధవ నుంచి వచ్చిన వెధవ ఇప్పుడు మగపిల్లల్ని తిట్టే తిట్టు. ఆడవాళ్ళ దురదృష్టాన్ని తిట్టుగా మార్చి మగాడి నెత్తిన పెట్టారు. పాతబస్తీ తిట్లు ఇంకొంచెం వ్యాకరణబద్ధం: మగాడైతే హౌలా, ఆడదైతే హౌలీ.

షీ టీమ్స్‌లో హీ కూడా ఉంటాడు

2014 అక్టోబరు 24న హైదరాబాదు పోలీసులు షీ టీమ్స్ మొదలుపెట్టారు. ఒక ఇంగ్లీషు సర్వనామం సర్కారీ శాఖ పేరైంది. ఆ బృందాల్లో మఫ్టీలో తిరిగే మగ పోలీసులూ ఉంటారు. ‘షీ టీమ్ ఆయన వచ్చిండు’ అని జనం అంటే అందులో వింత ఎవరికీ తోచదు. వాళ్ళు పట్టుకునేది ఈవ్ టీజింగ్ చేసేవాళ్ళను. ఈవ్ టీజింగ్ అన్నది మన దేశంలో పుట్టిన ఇంగ్లీషు, లండనులో అంటే అర్థం కాదు. వేధింపును సరదాగా చూపే ఆ మాట వాడొద్దని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తెచ్చిన చేతిపుస్తకంలో చెప్పింది. హౌస్‌వైఫ్ బదులు హోంమేకర్ అనమన్నదీ అందులోనే.

ఒక మాటను నేరం చేసిన చట్టం

ఇంతవరకూ నవ్వుకునే సంగతులు. ఇది కాదు. ఖ్వాజా అంటే ఫారసీలో స్వామి, పెద్దమనిషి. అంతఃపురాల్లో పెద్ద హోదాలు చూసిన నపుంసకులను ఖ్వాజాసరా అనేవారు. ఆ మర్యాద మాటే అరిగి తెలుగులో కొజ్జా అనే తిట్టయింది. హోదా పోయాక మాట కూడా పడిపోతుంది.

మాట పడిపోవడంతో ఆగలేదు. ఫస్లీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, నిజాం రాజ్యంలో యూనక్స్ చట్టం వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పోలికలు అందులో ఉన్నాయి. నగరంలో ఉండే హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టాలి. ఆడబట్టలు కట్టి, నగలు పెట్టి బజార్లో కనబడినా, పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. ఇంగ్లీషులో యూనక్ అన్న ఒక్క మాట కింద ఎవరెవరినో కట్టగట్టి అందరినీ అనుమానితులను చేశారు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ విడిపోయింది. చట్టం మాత్రం తెలంగాణ పేరు తగిలించుకొని పుస్తకాల్లో అట్లాగే ఉండిపోయింది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించింది. ఆ తర్వాత కూడా ఈ చట్టం కదలకపోతే, హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి 2018లో హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ కోర్టు ఉన్నది పాతబస్తీ అంచున, మూసీ ఒడ్డునే.

అదే ఏడాది డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు పథకంలో ఆడవాళ్ళతో పాటు ట్రాన్స్‌జెండర్లనూ చేర్చారు. 2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్లు హైదరాబాదు రోడ్ల మీద ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధుల్లో చేరారు. పోలీస్‌మ్యాన్, పోలీస్‌వుమన్ అన్న జంటలో చోటు లేనివాళ్ళకు అసిస్టెంట్ అన్న మామూలు మాట దారిచ్చింది. ఇంగ్లీషువాళ్ళ పంచాయితీని చూసి నవ్వేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

చట్టంలో దొంగ ఎప్పుడూ ‘హీ’యే

1860 నాటి శిక్షాస్మృతి ఎనిమిదో సెక్షన్లో ‘హీ’ అంటే మగా ఆడా ఇద్దరూ అని రాసుకున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ వరుసకు ట్రాన్స్‌జెండర్ కూడా కలిసింది. హీ మాత్రం హీగానే ఉంది. మారనిది సర్వనామం, పెరిగింది దాని కింద నిలబడే జనం.

బ్యాటర్ వచ్చింది, లైన్‌మ్యాన్ పోలేదు

క్రికెట్ నియమాలు రాసే మెరిల్‌బోన్ క్లబ్ 2021 సెప్టెంబరులో బ్యాట్స్‌మన్ తీసేసి బ్యాటర్ అని రాసింది. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా బ్యాట్ పట్టి ఆడుతోంది. మాట వెనక వచ్చింది, మనిషి ముందొచ్చింది.

కరెంటు స్తంభం దగ్గర మాత్రం మాటే మనిషిని ఆపింది. తెలంగాణ దక్షిణ డిస్కం, అంటే పాతబస్తీకి కూడా కరెంటిచ్చే సంస్థ, 2019లో జూనియర్ లైన్‌మ్యాన్ ఉద్యోగాలకు ఆడవాళ్ళు పనికిరారంది. కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్ళి పరీక్ష రాసే అనుమతి తెచ్చుకున్నారు, స్తంభం ఎక్కి చూపించారు. 2022లో రాష్ట్రంలో మొదటిసారి ఒక అమ్మాయికి ఆ ఉద్యోగం దొరికింది. పత్రికలు లైన్‌వుమన్ అని రాశాయి. జనం నోట్లో ఆ మాట ఇంకా నలగలేదు. లైనమ్మ అంటారో, లైన్‌మ్యాన్ మేడమ్ అంటారో, గార్దనీలాగా లైన్‌మనీ అంటారో చూడాలి. మీ వీధిలో కరెంటు పోయినప్పుడు స్తంభమెక్కేది అమ్మాయైతే, ఆమెను మీవాళ్ళు ఏమని పిలుస్తున్నారో మాకు రాయండి.